చందా పుస్తకం ఫోన్‌లోకి వచ్చింది, లెక్క మాత్రం ఇంకా రాలేదు

వినాయక చవితి పందిట్లో మైకు పట్టుకుని "ఫలానా వారు వెయ్యి నూట పదహార్లు" అని చదవడం మనకి కొత్తేమీ కాదు. ఆ ఒక్క మాటతో ఇచ్చినాయనకి గౌరవం దక్కేది, ఇంకా ఇవ్వని పక్కింటాయనకి చురుక్కుమనేది, వసూలు చేస్తున్న కుర్రాళ్ల చేతికి ఎంత వచ్చిందో ఊరందరి చెవినా పడేది. నిమజ్జనం అయ్యాక చందా పుస్తకం ముందేసుకుని ఖర్చులు తేల్చేవాళ్లు. తేలకపోతే గొడవ. వచ్చే ఏడు చందాకి వెళ్తే తలుపు సగమే తీసేవాళ్లు.

ఇప్పుడు రక్తదాన శిబిరం అయినా, చలివేంద్రం అయినా, వరద బాధితులకి బియ్యం పంచడం అయినా అంతా ఫోన్‌లోంచే నడుస్తోంది. వాట్సాప్ గ్రూపులో పిలుపు, ఫేస్‌బుక్‌లో లైవ్, ఇన్‌స్టాలో రీల్, స్టేటస్‌లో వరసగా ఫొటోలు. మైకు చేసిన పనుల్లో మొదటి రెండూ ఫోన్ బ్రహ్మాండంగా చేస్తోంది. మూడోది, అంటే ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది, ఎంత మిగిలింది అని చెప్పడం, చాలాచోట్ల జారిపోయింది. ఒక సంఘం పోస్టు పెడితే జనం కదలడం, ఇంకో సంఘం పోస్టు పెడితే గ్రూపు మ్యూట్ చేయడం చూస్తుంటాం కదా, ఆ తేడా ఎక్కువగా ఇక్కడే పుడుతుంది.

ముందు పిలుపు సంగతి. సగటు యువజన సంఘం పోస్టర్ ఎలా ఉంటుంది? పైన దేవుడో నాయకుడో, కుడివైపు అధ్యక్షుడు, ఎడమవైపు గౌరవాధ్యక్షుడు, కింద రెండు వరసల్లో సభ్యుల తలకాయలు, మధ్యలో బంగారు రంగు అక్షరాల్లో "మెగా రక్తదాన శిబిరం", ఇవన్నీ పోగా మిగిలిన జాగాలో చిన్న అక్షరాలతో తేదీ, ఫంక్షన్ హాలు పేరు. ఫ్లెక్సీ కోసం చేయించిన డిజైన్‌నే ఫోన్‌లోకి దింపేస్తారు. సెంటర్లో కట్టిన ఫ్లెక్సీ మీద చదవగలిగింది అరచేతిలో పట్టే తెర మీద చదవలేం, పైగా వాట్సాప్ ఫొటోని కుదించి పంపుతుంది కాబట్టి నాలుగు చేతులు మారేసరికి ఫోన్ నంబర్లో ఉన్నది మూడో ఎనిమిదో తేలదు. ఆ నంబరు నొక్కితే కాల్ వెళ్లదు, చిరునామా నొక్కితే మ్యాప్ తెరుచుకోదు. అదే విషయం నాలుగు లైన్ల మామూలు టెక్స్ట్‌గా రాసి కింద లొకేషన్ పెడితే అన్నీ పనిచేస్తాయి. పోస్టర్ వద్దని ఎవరూ అనరు, తలకాయ పడకపోతే సంఘంలో సగం మంది అలుగుతారని అందరికీ తెలుసు. అలిగేవాళ్ల కోసం పోస్టర్, రావాల్సినవాళ్ల కోసం టెక్స్ట్, రెండూ పెట్టుకోవచ్చు.

ఆ టెక్స్ట్‌లో ఏం ఉండాలన్నది కార్యక్రమాన్ని బట్టి మారుతుంది. రక్తదానం అయితే ఎవరు ఇవ్వొచ్చో ముందే చెప్పేయాలి: వయసు 18 నుంచి 65 మధ్య, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ డెసిలీటరు రక్తానికి 12.5 గ్రాములు, మగవాళ్లయితే పోయినసారి ఇచ్చి 3 నెలలు, ఆడవాళ్లయితే 4 నెలలు దాటి ఉండాలి. ఖాళీ కడుపుతో రావొద్దు, ముందురోజు రాత్రి మందు కొట్టి రావొద్దు. ఈ రెండు మూడు లైన్లు లేకపోవడం వల్ల ఆదివారం పూట బస్సెక్కి వచ్చిన కుర్రాడు వేలికి సూది గుచ్చించుకుని "రక్తం తక్కువుంది బాబూ" అనిపించుకుని వెనక్కి వెళ్తాడు. మళ్లీ పిలిస్తే అతను రావడం కష్టం.

శిబిరం అయిపోయాక వచ్చే పోస్టు ఇంకా తమాషాగా ఉంటుంది. "మన సంఘం ఆధ్వర్యంలో ఇన్ని యూనిట్లు" అని ఒక సంఖ్య, పోయినేడాది కంటే పెద్దది. ఆ సంఖ్యతోనే పోటీ. కానీ రక్తం గోడౌన్‌లో దాచుకునే సరుకు కాదు. కలిపే ద్రావణాన్ని బట్టి ఎర్ర రక్తకణాలు 35 నుంచి 42 రోజులు నిలవ ఉంటాయి, ప్లేట్‌లెట్లయితే 5 రోజులే. హీరో పుట్టినరోజు నాడో నాయకుడి పుట్టినరోజు నాడో ఊరూరా శిబిరాలు పెడితే ఆ వారం ఫ్రిజ్‌లు నిండుతాయి, ఇచ్చినవాళ్లందరూ ఒకేసారి కనీసం 3 నెలలు పక్కకి వెళ్లిపోతారు. కాలేజీ పిల్లలు పరీక్షలకో సెలవులకో వెళ్లిపోయే ఎండాకాలంలో బ్లడ్ బ్యాంకులు ఫోన్లు చేసుకుంటూ కూర్చుంటాయి. తలసీమియా (పుట్టుకతోనే ఒంట్లో రక్తం సరిగా తయారవని జబ్బు) ఉన్న పిల్లలకి రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, వాళ్లకి హీరో పుట్టినరోజుతో పనిలేదు. హైదరాబాద్‌లో 1998 నుంచి పనిచేస్తున్న తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ లాంటి చోట్ల ఏడాది పొడుగునా దాతలు కావాలి. కాబట్టి ఫోన్‌లో నడిచే దాతల గ్రూపు నిజంగా ఉపయోగపడాలంటే రికార్డు సంఖ్య కంటే ఒక క్యాలెండర్ ఎక్కువ పనికొస్తుంది: ఎవరు ఎప్పుడు ఇచ్చారు, మళ్లీ ఎప్పటికి అర్హులవుతారు, ఈ నెల ఎవరి వంతు. గూగుల్ షీట్ చాలు దీనికి. రీల్‌కి పనికిరాదు అంతే.

ఇక అర్జెంట్ మెసేజ్‌లు. "ఓ నెగెటివ్ అత్యవసరం, దయచేసి అన్ని గ్రూపులకీ పంపండి" అని వస్తుంది, తేదీ ఉండదు. అవసరం తీరిపోయాక కూడా, కొన్నిసార్లు పేషెంట్ పోయాక కూడా, నెలల తరబడి ఆ మెసేజ్ తిరుగుతూనే ఉంటుంది, ఆ ఇంటివాళ్ల ఫోన్ మోగుతూనే ఉంటుంది. దీన్ని జనం అజాగ్రత్త అని కొట్టేస్తారు గానీ యాప్ తీరు కూడా ఒక కారణం. వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ని 15 నిమిషాల్లోపే దిద్దగలం, రెండున్నర రోజుల్లోపు అందరి దగ్గరా డిలీట్ చేయగలం, అదీ మనం పంపిన కాపీ వరకే. వేరేవాళ్లు ఫార్వర్డ్ చేసింది మన చేతిలో ఉండదు. అందుకే గడువు మెసేజ్ లోపలే రాయాలి: "బి పాజిటివ్, 2 యూనిట్లు, ఫలానా ఆస్పత్రి, ఈరోజు జూన్ 14, సాయంత్రం 6 దాటితే ఫార్వర్డ్ చేయొద్దు." వీలైతే వివరాలన్నీ ఫేస్‌బుక్‌లో ఒక పోస్టుగా పెట్టి దాని లింకు పంపితే ఇంకా మంచిది, అవసరం తీరగానే ఆ ఒక్క చోట "దొరికింది, థాంక్స్" అని మార్చేస్తే సరి. లింకు నొక్కని జనం చాలామందే ఉంటారు కాబట్టి గడువు మాత్రం పైనే కనిపించాలి. 2021 ఏప్రిల్, మే నెలల్లో కరోనా రెండో దెబ్బ కొట్టినప్పుడు ఆక్సిజన్, బెడ్ల సమాచారం పెట్టినవాళ్లలో బాగా పనికొచ్చింది "సాయంత్రం 4 గంటలకి ఫోన్ చేసి కనుక్కున్నాం" అని టైమ్ వేసినవాళ్లే. టైమ్ లేని లిస్టులు పట్టుకుని మనుషులు వందల నంబర్లకి ఫోన్ చేసి అలిసిపోయారు.

ఇంకో చిక్కు ఉంది. పుకార్ల వల్ల మూకదాడులు జరిగాక 2018లో వాట్సాప్ ఇండియాలో ఒక మెసేజ్‌ని ఒకేసారి ఐదు చాట్లకి మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది, బాగా తిరిగిన మెసేజ్ అయితే 2020 ఏప్రిల్ నుంచి ఒకసారికి ఒక్క చాట్‌కే పోతుంది. నిజమైన పిలుపుకి కూడా అదే రూలు వర్తిస్తుంది. కాబట్టి పదిమంది సభ్యులు ఒకే మెసేజ్‌ని దొర్లించే కంటే ఎవరి గ్రూపులో వాళ్లు తమ మాటల్లో "మా కాలనీ ఆస్పత్రిలోనే, నేను వెళ్తున్నా, ఇంకెవరైనా వస్తారా" అని రాస్తే ఎక్కువ దూరం వెళ్తుంది. తెలిసినవాడు సొంతంగా రాసిన రెండు లైన్లకి ఉన్న విలువ బాణం గుర్తులున్న ఫార్వర్డ్‌కి ఎప్పుడూ లేదు.

ఫోన్ పోస్టు బాగా పనిచేసిన సందర్భం ఒకటి హైదరాబాద్‌లోనే ఉంది. 2014లో అమెరికాలో ఐస్ బకెట్ ఛాలెంజ్ ఊపేసింది, నెత్తిన ఐసు నీళ్లు గుమ్మరించుకుని ఇంకో ముగ్గురిని సవాలు చేయడం. నవ్వుకున్నవాళ్లు ఎక్కువే గానీ దానివల్ల ఏఎల్ఎస్ (కండరాల్ని కదిలించే నరాలు దెబ్బతినే జబ్బు) మీద పనిచేసే ఏఎల్ఎస్ అసోసియేషన్‌కి 11.5 కోట్ల డాలర్లు వచ్చాయి, 2016లో ఆ డబ్బు సాయంతో జరిగిన పరిశోధన వల్ల జబ్బుకి సంబంధించిన ఒక జన్యువుని గుర్తించామని ప్రకటించారు. రెండేళ్ల తర్వాత వచ్చిన ఆ కబురుతో "నీళ్లు వేస్ట్ చేశారు" అన్న నోళ్లు కొన్ని మూతపడ్డాయి. 2014 ఆగస్టులోనే హైదరాబాద్ జర్నలిస్టు మంజులత కళానిధి దాన్ని మన పరిస్థితికి తగ్గట్టు మార్చి రైస్ బకెట్ ఛాలెంజ్ మొదలుపెట్టారు: ఒక బకెట్ బియ్యం అవసరమైనవాళ్లకి ఇవ్వండి, ఫొటో పెట్టండి, స్నేహితుల్ని ట్యాగ్ చేయండి. ఇక్కడ గమనించాల్సింది, మధ్యలో సంఘం లేదు, ఖాతా లేదు, చందా లేదు. బియ్యం నేరుగా చేతికి వెళ్లింది, ఫొటోయే రసీదు. లెక్క అడగాల్సిన అవసరమే లేకుండా చేయడం ఆ ఆలోచనలో ఉన్న తెలివి. దాని హద్దు కూడా అక్కడే ఉంది. ఒక బకెట్ ఒక ఇంటికి కొన్నాళ్లు సరిపోతుంది, ఆ తర్వాత ఏమిటన్నది ఫొటోలో ఉండదు.

విపత్తులప్పుడు కథ వేరు. 1977 నవంబర్ 19న దివిసీమని ఉప్పెన ముంచినప్పుడు ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి ఊళ్లు తిరిగారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖని చితక్కొట్టినప్పుడు నవంబర్ 30న సినిమావాళ్లంతా కలిసి 'మేము సైతం' అని రోజంతా టీవీలో కార్యక్రమం చేశారు. హుద్‌హుద్ అప్పుడు టవర్లు పడిపోయి, కరెంటు పోయి, నగరంలో ఫోన్లు మూగబోయాయి. సాయం అడగాల్సినవాళ్లు పోస్టు పెట్టలేకపోయారు. ఫోన్‌ని నమ్ముకుని సహాయ కార్యక్రమం వేసుకునేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి, ఎక్కడినుంచి పోస్టులు రావట్లేదో అక్కడే దెబ్బ ఎక్కువ తగిలి ఉండొచ్చు.

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు మునిగినప్పుడు మేడల మీదికి ఎక్కిన జనం ఫోన్ ఛార్జింగ్ ఉన్నంతవరకు లొకేషన్లు పంపారు, బోటు కావాలని, పాలు కావాలని, పెద్దాయనకి మందులు కావాలని. డ్రోన్లతో కూడా ఆహారం జారవిడిచారు. అయినా మెయిన్ రోడ్డు పక్కవాళ్లకి ప్యాకెట్లు పదే పదే అందుతున్నాయని, లోపలి వీధులకి చేరట్లేదని ఫిర్యాదులు వినిపించాయి. ఇది కేవలం నీళ్ల లోతు సమస్య కాదు. సాయం తెచ్చిన ప్రతి బృందం "ఇక్కడ ఇచ్చాం" అని సొంత పేజీలో ఫొటో పెట్టుకుంటే, ఏ వీధికి ఎవరు వెళ్లారో, ఎవరూ వెళ్లని వీధి ఏదో చెప్పే చోటు ఉండదు. 2015 చెన్నై వరదల్లో వలంటీర్లు అందరికీ తెరిచి ఉన్న షీట్లలో ఏ ప్రాంతానికి ఏం కావాలో, ఏం అందిందో రాసుకుంటూ వెళ్లారు, 2018లో కేరళ ప్రభుత్వం దీనికోసం ఒక వెబ్‌సైటే నడిపింది. వంద ఫొటోల కంటే అలాంటి ఒక్క షీటు రెండో లారీని సరైన వీధికి పంపుతుంది.

ఏం వద్దో చెప్పే పోస్టు కూడా కావాలి, అది పెట్టడానికి మాత్రం అందరికీ మొహమాటం. 2004 సునామీ తర్వాత నాగపట్నం రోడ్ల పక్కన పాత బట్టలు గుట్టలుగా పడి ఉండేవి, వాటిని తీసిపడేయడమే ఒక పని అయింది. "పాత బట్టలు పంపొద్దు, దుప్పట్లు సరిపోయాయి, లోదుస్తులు, శానిటరీ ప్యాడ్లు, టార్చిలైట్లు కావాలి" అని పొద్దునొకసారి, సాయంత్రమొకసారి మార్చి రాస్తే లారీ కిరాయి దండగ కాకుండా ఉంటుంది.

డబ్బు దగ్గరికి వస్తే ఎక్కువ సంఘాలు చేసేది పోస్టర్ మూలన ఒక క్యూఆర్ కోడ్ పెట్టడం. అది సాధారణంగా కోశాధికారి సొంత ఖాతా. సొంత డబ్బు, చందా డబ్బు ఒకే ఖాతాలో కలిశాక ఎంత నిజాయితీపరుడైనా లెక్క చెప్పడం నరకమే, కాబట్టి విడిగా ఒక ఖాతా తెరవడం మొదటి పని. రెండోది, పోస్టర్‌లో క్యూఆర్ మార్చేసి ఫార్వర్డ్ చేయడం మోసగాళ్లకి ఐదు నిమిషాల పని. డబ్బు పంపే ముందు యూపీఐ యాప్ అవతలి ఖాతాదారు పేరు చూపిస్తుంది కదా, ఆ పేరు ఏం కనిపించాలో టెక్స్ట్‌లో రాసేయాలి: "స్కాన్ చేస్తే ఫలానా పేరు వస్తుంది, వేరే పేరు వస్తే పంపొద్దు."

పన్ను మినహాయింపు గురించి కూడా పోస్టుల్లో తేలిగ్గా రాసేస్తుంటారు. 80జీ అని అందరూ పిలిచే ఈ మినహాయింపు ఆ నమోదు ఉన్న సంస్థకే వర్తిస్తుంది, వీధి సంఘానికి కాదు. నగదుగా 2,000 రూపాయలు దాటి ఇస్తే మినహాయింపు రాదు, సంస్థ విరాళం సర్టిఫికెట్ ఇవ్వాలి, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకి అసలు ఈ మినహాయింపే లేదు. విదేశాల్లో ఉన్న మనవాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త పడాలి. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్న ఎన్నారై తన డబ్బు పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. అదే డల్లాస్‌లో ఉండే బాబాయ్ అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన మనవాళ్లకి భారత ప్రభుత్వం ఇచ్చే కార్డు) ఉన్నా సరే, ఆయనిచ్చింది విదేశీ విరాళమే. అది తీసుకోవాలంటే సంస్థకి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద అనుమతి ఉండాలి, 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోనే పడాలి. ఊరి గ్రూపులో క్యూఆర్ పెట్టి "ఎన్నారైలు కూడా పంపండి" అని ఒక్క లైను రాసేవాళ్లలో చాలామంది దృష్టికి ఇది వచ్చి ఉండదు.

లెక్క పెట్టేటప్పుడు చాలామంది బ్యాంకు స్టేట్‌మెంట్ స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పడేస్తారు. ఉద్దేశం మంచిదే, కానీ అందులో దాతల యూపీఐ ఐడీలు, ఫోన్ నంబర్లు ఉంటాయి, గుప్తదానం చేసినాయన పేరూ బయటపడుతుంది. వచ్చిన మొత్తం, పెద్ద ఖర్చులు, బిల్లుల ఫొటోలు, మిగిలింది, ఆ మిగిలింది ఏం చేయబోతున్నారు, ఈ నాలుగైదు లైన్లు చాలు. మిగిలిన డబ్బు దగ్గరే అందరూ మౌనంగా ఉంటారు, గొడవలు కూడా అక్కడే పుడతాయి.

ఫొటోల గురించి చెప్పకుండా ఉండలేం. 2020 లాక్‌డౌన్‌లో ఒక్క అరటిపండుని ఐదుగురు పట్టుకుని, పుచ్చుకునే మనిషిని కెమెరా వైపు చూడమనే ఫొటోలు అందరం చూశాం. రాజస్థాన్ ప్రభుత్వం ఆ ఏప్రిల్‌లో ఆహారం పంచేటప్పుడు ఫొటోలు తీయొద్దని చెప్పాల్సి వచ్చింది. పెద్దవాళ్ల విషయంలో ఇది మర్యాద ప్రశ్న, పిల్లల విషయంలో చట్టం ప్రశ్న. పుట్టినరోజుకి అనాథాశ్రమంలో కేక్ కోసి పిల్లలతో గ్రూపు ఫొటో పెట్టడం మన దగ్గర ఎంత మామూలో చెప్పక్కర్లేదు. సంరక్షణ అవసరమైన పిల్లల్ని గుర్తుపట్టేలా ఫొటో గానీ, పేరు గానీ, బడి గానీ ఏ మాధ్యమంలోనూ బయటపెట్టకూడదని 2015 జువైనల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది, ఆరు నెలల దాకా జైలో, 2 లక్షల దాకా జరిమానానో, రెండూనో పడొచ్చు. ఆశ్రమం వాళ్లు ఒప్పుకున్నారు కదా అంటే కుదరదు. వండుతున్న గుండిగ, దించుతున్న బస్తాలు, వడ్డిస్తున్న చేతులు, కిరాణా బిల్లు, వీటితో కూడా కార్యక్రమం జరిగిందని నిక్షేపంగా చూపించొచ్చు. ఇలాంటి ఫొటోలకి లైకులు తగ్గుతాయేమో, ఇచ్చినవాళ్లకి కావాల్సిన సమాచారం మాత్రం వీటిలోనే ఎక్కువ ఉంటుంది.

ఈమధ్య మన ఊళ్లలో సేవకి అసలైన యూనిట్‌గా మారింది పదో తరగతి బ్యాచ్ గ్రూపు. పాతికేళ్ల తర్వాత ఎవరో ఒకరు నంబర్లు పోగేసి గ్రూపు చేస్తారు, ఆత్మీయ సమ్మేళనం పెడతారు, మాస్టార్లకి శాలువాలు కప్పుతారు, అదే ఊపులో "మన బడికి ఏదైనా చేద్దాం" అంటారు. ఆర్వో వాటర్ ప్లాంటో, బెంచీలో, రంగులో. ఇక్కడ నమ్మకానికి కొదవ లేదు, అడ్మిన్ ఒకప్పుడు పక్క బెంచీలో కూర్చున్నవాడు. డబ్బు రెండు రోజుల్లో వచ్చేస్తుంది. ప్రారంభోత్సవం రోజు రిబ్బన్ కత్తిరిస్తున్న ఫొటోలు అన్ని స్టేటస్‌ల్లోనూ ఉంటాయి, స్టేటస్ 24 గంటల్లో పోతుంది. ఆర్వో ప్లాంటు ఫిల్టర్లు మాత్రం కొన్ని నెలలకోసారి మార్చాలి, మెంబ్రేన్ (ఉప్పుని వడకట్టే పొర) రెండు మూడేళ్లకి మార్చాలి, నీళ్లలో ఉప్పు ఎక్కువుంటే ఇంకా ముందే. దానికి డబ్బు ఎవరూ పక్కన పెట్టరు, ప్లాంటు ఆగిపోయిందన్న కబురు గ్రూపులోకి రాదు, ఎందుకంటే గ్రూపులో ఉన్నవాళ్లెవరూ ఆ ఊళ్లో లేరు. పిల్లలు మళ్లీ ఇంటినుంచి సీసాలు తెచ్చుకుంటుంటారు.

దీనికి పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు. ఊళ్లోనే ఉన్న ఒక బ్యాచ్‌మేట్‌కో, ఒప్పుకుంటే టీచర్‌కో నెలకోసారి కుళాయి తిప్పి పది సెకన్ల వీడియో, టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన లవణాలు కొలిచేది) రీడింగ్ ఫొటో గ్రూపులో పెట్టే పని అప్పగించాలి. వసూలైన దాంట్లో కొంత మొదటే ఫిల్టర్ల కోసమని విడిగా ఉంచి ఆ మొత్తం గ్రూపు వివరాల్లో రాసిపెట్టాలి, ఖర్చయినప్పుడల్లా మార్చాలి. అడ్మిన్ ఫోన్ పోయినా లెక్క పోకుండా ఒక కాపీ ఇంకో ఇద్దరి దగ్గర ఉండాలి. గ్రూపులో లేనివాళ్లు, స్మార్ట్‌ఫోన్ లేని తల్లిదండ్రులు కూడా ఆ నీళ్లతో సంబంధం ఉన్నవాళ్లే కాబట్టి, ప్లాంటు ఎవరు బాగుచేస్తారో, ఏ నంబరుకి ఫోన్ చేయాలో ఒక కాగితం మీద రాసి ప్లాంటు పక్కనే గోడకి అంటించాలి.